గేట్ స్కోరు వచ్చింది, ఎంటెక్ ఆఫర్ల కోసం చూస్తున్నాం: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఇక్కడ రాయండి

చీపురుపల్లి_ట్రిపుల్ఈ · ఏప్రిల్ 22, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. విజయనగరంలో బీటెక్ ట్రిపుల్ ఈ ఆఖరి సెమిస్టరు చదువుతున్నాను. ఎంటెక్ ప్రవేశం కోసం గేట్ పరీక్ష రాశాను, స్కోరు 598, ఓబీసీ. ఐదు ఐఐటీలకి అప్లై చేశాను. భువనేశ్వర్, తిరుపతి, హైదరాబాద్, మద్రాస్, ఖరగ్‌పూర్. ఏది తెరిచినా దరఖాస్తు పరిశీలనలో ఉందనే చూపిస్తోంది. ప్రాజెక్టు రిపోర్టు రాద్దామని కూర్చుంటే చెయ్యి ఫోన్ మీదకే పోతోంది.

నాన్న ఆర్టీసీలో కండక్టర్. క్యాంపస్‌లో ఒక ఐటీ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, చేరే తేదీ మాత్రం ఇంకా చెప్పలేదు. చేతికొచ్చింది వదులుకోకమ్మా అంటున్నారు నాన్న. అమ్మకి దూరం భయం. "ఖరగ్‌పూర్ అంటే బెంగాల్ కదే, అంత దూరం ఏటి?" అంటోంది. నాకు పవర్ ఎలక్ట్రానిక్స్ చదవాలని ఉంది. మొదటి రౌండులో వేరే బ్రాంచి వస్తే తీసేసుకోవాలా, ఆగాలా? ఆగితే వచ్చిందీ పోతుందా? అక్కలూ అన్నలూ చెప్పండి.

నాగావళి_ఒడ్డు · ఏప్రిల్ 22, రాత్రి 10:31

చెల్లెమ్మా, ముందు ఒక సంగతి చూసుకో. ఐదు ఐఐటీలకి అప్లై చేశానన్నావు, బాగుంది. కోప్ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ అయ్యావా? రెండూ చెయ్యాలి. కోప్ ఎవరికీ సీటు ఇవ్వదు. సీటు ఇచ్చేది ఆ ఐఐటీయే. ఎవరెవరు ఆఫర్ ఇచ్చారో ఒకేచోట చూపించి, నీ జవాబు తీసుకోవడం వరకే కోప్ పని. కోప్‌లో రిజిస్టర్ అయిపోయి అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. ఏ సంస్థకీ దరఖాస్తు పెట్టకపోతే ఆఫర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆఫర్ వచ్చాక మూడు దారులు. యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్ నొక్కితే ఆ సీటు నీది, తరువాతి రౌండ్లలో నువ్వు ఉండవు. రిటైన్ అండ్ వెయిట్ నొక్కితే ఆ సీటు నీ పేరు మీదే ఉంటుంది, ఇంకా మంచిది వస్తుందేమో చూడొచ్చు. రిజెక్ట్ అండ్ వెయిట్ అంటే వచ్చినవన్నీ వదిలేసి ఎదురు చూడటం. ఒకే రౌండులో రెండు ఆఫర్లు వస్తే ఒకటే ఉంచుకోగలవు, రెండోది వదిలేసినట్టే. గడువులోగా ఏమీ నొక్కకపోతే వద్దన్నట్టు లెక్కేస్తారు. ఆ రెండు మూడు రోజులూ ఫోన్‌లో నెట్ ఉండేలా చూసుకో.

కాబట్టి నీ భయానికి జవాబు ఇది: ఆగితే పోదు, రిటైన్ చేస్తే. ఏ రౌండు దాకా రిటైన్ చెయ్యనిస్తారో ఈ ఏడాది నియమాలు చదివి పెట్టుకో. చివర్లో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

రాజాం_మెకానికల్ · ఏప్రిల్ 23, ఉదయం 7:12

నాదీ ఇదే పరిస్థితి. నా స్కోరుకి ఐఐటీ కష్టం, ఎన్ఐటీల సీట్లు ఇచ్చే సీసీఎంటీ మీదే ఆశ. ఓబీసీ సర్టిఫికెట్ పోయిన డిసెంబరులో తీశాను. అది పనికొస్తుందా? ఏడాది ఆదాయం 8 లక్షలు దాటితే క్రీమీలేయర్, ఓబీసీ రిజర్వేషన్ రాదు అంటున్నారు, మా నాన్న టీచరు, జీతం దానికి దగ్గరలోనే ఉంది. ఇంట్లో అందరికీ కంగారుగా ఉంది.

ఆమదాలవలస_డిజిటల్ · ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:40

నేను సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. ఈ సీజన్‌లో మా కౌంటర్ దగ్గరికి రోజూ ఇదే ప్రశ్న వస్తుంది, కాస్త వివరంగా రాస్తాను.

మన రాష్ట్ర కుల ధ్రువపత్రం వేరు, కేంద్ర సంస్థలకి ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. మొదటిది ఎన్నేళ్లున్నా చెల్లుతుంది. ఐఐటీలు, ఎన్ఐటీలు రెండోదే అడుగుతాయి, అదీ సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1 నాడో ఆ తరువాతో ఇచ్చినది. కాబట్టి డిసెంబరు పత్రం పక్కన పెట్టు, కొత్తగా అప్లై చెయ్యి. ఆ కాగితం చేతికొచ్చాక కింద తహశీల్దారు సంతకం దగ్గరున్న తేదీ చూడు, పైన అప్లికేషన్ నంబరు పక్కన ఉండే తేదీ కాదు. నీ ఇంటిపేరు, నాన్న పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉన్నాయా చూడు. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెరిఫికేషన్‌లో ఆపుతారు. వీఆర్వో, ఆర్ఐ, తహశీల్దారు ముగ్గురి దగ్గరా తిరగాలి కాబట్టి ఈ వారమే పెట్టెయ్యి.

ఇక 8 లక్షల గొడవ. ఓబీసీ విషయంలో ఆదాయ పరీక్షకి జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ప్రభుత్వ ఉద్యోగులకైతే తల్లిదండ్రుల హోదా చూస్తారు, అంటే గ్రూప్ ఏ, గ్రూప్ బీ లాంటివి. టీచరు జీతం 8 లక్షలకి దగ్గరైనంత మాత్రాన నువ్వు క్రీమీలేయర్ అయిపోవు. చీపురుపల్లి అమ్మాయికీ ఇదే మాట, కండక్టర్ గారి జీతం గురించి దిగులు పడకు. ఈడబ్ల్యూఎస్, అంటే ఏ రిజర్వేషనూ లేని కులాల్లోని పేదల కోటాది, వేరే లెక్క. అక్కడ జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపుండాలి, 5 ఎకరాలో అంతకంటే ఎక్కువో సాగుభూమి ఉంటే ఇవ్వరు.

ఇంకొకటి మరిచిపోకండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. మన జిల్లాల్లో ఈ తేడాతో చాలామంది ఆఖరి రోజున ఇబ్బంది పడుతున్నారు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తెరిచి మీ కులం పేరు చూసుకున్నాకే దరఖాస్తులో ఓబీసీ అని పెట్టండి.

రాజాం_మెకానికల్ · ఏప్రిల్ 23, మధ్యాహ్నం 2:05

అన్నా, చాలా పెద్ద సాయం చేశారు. సాయంత్రమే వెళ్తాను.

బొబ్బిలి_కోడర్ · ఏప్రిల్ 23, రాత్రి 8:55

నేను వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. బీటెక్ అయ్యాక రెండేళ్లు చదువంటే రెండేళ్ల జీతం పోయినట్టే. ఎంటెక్ స్టైపెండ్ నెలకి 12,400. హాస్టల్, మెస్ పోతే ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? మా బ్యాచ్‌లో ఉద్యోగంలో చేరినవాళ్లు తమ్ముళ్లని చదివిస్తున్నారు, ఇంటి మీద స్లాబు వేశారు. కండక్టర్ గారి మాటలో తప్పేం లేదు. ఆయన నెలనెలా ఖర్చులు లెక్కేసుకునే మనిషి. ఉద్యోగంలో చేరు, రెండేళ్లాగి గేట్ మళ్లీ రాయి. గేట్ స్కోరు ఫలితాలొచ్చిన రోజు నుంచి మూడేళ్లు చెల్లుతుంది, ఈ స్కోరుతోనే వచ్చే ఏడాది కూడా అప్లై చెయ్యొచ్చు.

గంటస్తంభం_పంతులమ్మ · ఏప్రిల్ 23, రాత్రి 11:20

విజయనగరంలో ఇంజనీరింగ్ కాలేజీలో ట్రిపుల్ ఈ చెప్తాను. ప్రతి వేసవిలో మా పిల్లల కోసం నేనూ ఈ ఎదురుచూపుల్లో ఉంటాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

బొబ్బిలి బాబు చెప్పిన డబ్బు లెక్క నిజం, దాన్ని కాదనను. కానీ అమ్మాయి చేతిలో ఉన్నది చేరే తేదీ లేని లెటర్. ఆ కంపెనీ జూలైలో పిలుస్తుందో, వచ్చే సంక్రాంతికి పిలుస్తుందో తెలియదు. దాన్ని నమ్ముకుని ఐఐటీ ఆఫర్ వదులుకోమని చెప్పలేను. ఆఫర్ లెటర్ ఉంచుకో, తేదీ వచ్చిన రోజున పోల్చి చూద్దాం. రెండేళ్లు ఆగి చదువుతామన్నవాళ్లలో మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు నాకు తెలిసి తక్కువ. ఆడపిల్లల విషయంలో ఇంకా తక్కువ, ఆ రెండేళ్లలో ఇంట్లో పెళ్లి మాటలు మొదలైపోతాయి.

స్కోరు గురించి ఒక మాట. మార్కులు చూసి కంగారు పడేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. గేట్‌లో 100కి వచ్చిన మార్కులు ఆ ఏడాది పేపరు కష్టాన్ని బట్టి ఉంటాయి. స్కోరు లెక్క వేరు. జనరల్ అభ్యర్థుల అర్హత మార్కుని 350 దగ్గర, పైనున్న 0.1 శాతం మంది సగటుని 900 దగ్గర పెట్టి మధ్యలో నిన్ను కూర్చోబెడతారు. అందుకే పోయినేడు స్కోరునీ ఈ ఏడు స్కోరునీ పక్కపక్కన పెట్టి సీటు ఇవ్వగలుగుతున్నారు. ఆఖరి స్కోర్లు కూడా అలాగే చూడాలి. సీసీఎంటీ ప్రతి ఏడూ ఏ కోర్సు ఏ స్కోరు దగ్గర ముగిసిందో పెడుతుంది. ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన అంకె వదిలేసి అది తెరిచి, నీ కేటగిరీ వరుస చూసుకో.

ఇప్పుడు అసలు విషయం. పవర్ ఎలక్ట్రానిక్స్ కావాలన్నావు. ఎందుకు కావాలి? కన్వర్టర్ బోర్డు మీద పని చెయ్యాలనా, ఎలక్ట్రిక్ బండ్ల వైపు పోవాలనా, సోలార్ ఇన్వర్టర్లంటే ఇష్టమా? అది నీకు నువ్వు తేల్చుకుంటే పేరు చూసి మోసపోవు. కొన్నిచోట్ల కోర్సు పేరు పవర్ సిస్టమ్స్ అని ఉంటుంది, ఎలక్టివ్‌లు చూస్తే సగం కన్వర్టర్లూ డ్రైవ్‌లే. ఖాళీగా ఉన్న సాయంత్రాలు ఆ శాఖ వెబ్‌సైట్ తెరువు. ఏ ప్రొఫెసర్ దేని మీద పని చేస్తున్నారు, ల్యాబులో ఏముంది, పోయినేడు ఎంటెక్ పిల్లల థీసిస్‌లు దేని మీద రాశారు, ఈ మూడూ రాసుకో. ఫోన్ పట్టుకుని పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది అని చూస్తూ కూర్చునే బదులు ఇది చెయ్యి తల్లీ. కొన్ని కోర్సులకి రాతపరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది, అక్కడ నిన్ను అడిగేది కూడా ఇదే.

అమ్మగారి భయానికి: భువనేశ్వర్ ఐఐటీ అర్గుల్‌లో ఉంది, ఖుర్దా రోడ్‌కి దగ్గర. విజయనగరంలో రైలెక్కితే నేరుగా దిగొచ్చు. తిరుపతి కంటే అదే మనకి దగ్గర. మ్యాపు తెరిచి అమ్మకి చూపించు. రాష్ట్రం పేరు విని భయపడుతున్నారు ఆవిడ.

చీపురుపల్లి_ట్రిపుల్ఈ · ఏప్రిల్ 24, ఉదయం 6:30

మేడం, రాత్రి రెండు సార్లు చదివాను. కోప్‌లో రిజిస్టర్ అయ్యాను, నంబరు అన్ని దరఖాస్తుల్లోనూ ఇచ్చాను. అమ్మకి మ్యాపు చూపించాను. "ఇచ్ఛాపురం దాటాక ఎంత?" అని అడిగింది. అడిగిందంటే మెత్తబడినట్టే.

పలాస_జీడి · ఏప్రిల్ 26, రాత్రి 9:10

నాను పిల్లడి తండ్రిని. పలాసలో జీడిపిక్కల యాపారం. పెద్ద చదువులు నాకు తెలవవు. మావోడు మెకానికల్, గేట్ రాయనేదు, జర్మనీ అంటన్నాడు. అక్కడ ఫీజు నేదంటాడు, మళ్లీ 11 లచ్చలు ముందే కట్టాలంటాడు. ఫీజు నేకపోతే డబ్బెందుకు కట్టాలి? ఎవులైనా తెలిసినోలు సెప్పండి బావూ. పిల్లడి మీద నమ్మకం ఉంది గానీ, ఎక్కడ సంతకం పెడతన్నానో నాకు తెలాలి కదా.

ఏడురోడ్ల_జంక్షన్ · ఏప్రిల్ 27, మధ్యాహ్నం 3:25

మావయ్యా, మాది శ్రీకాకుళం, జర్మనీలో మాస్టర్స్ చేశాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. మీవాడు చెప్పిన రెండూ నిజమే.

ఇక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకి కొంత రుసుము ఉంటుంది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి విదేశీ విద్యార్థులకి సెమిస్టరుకి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు వసూలు చేస్తోంది. మీవాడు ఏ ఊరికి పెట్టాడో అడగండి.

ముందే కట్టేది ఫీజు కాదు, బ్లాక్డ్ అకౌంట్. అబ్బాయి పేరు మీదే 11,904 యూరోలు వేస్తారు. జర్మనీ వచ్చాక నెలకి 992 చొప్పున వాడికే తిరిగొస్తాయి, అద్దెకీ తిండికీ. ఏడాది బతకడానికి డబ్బుందని వీసా వాళ్లకి చూపించే ఏర్పాటు అది. మీ డబ్బు ఎవరికీ పోదు. బ్యాంకు లోనుగా తీసుకుంటే మాత్రం వడ్డీ ఎప్పటి నుంచి పడుతుందో, చదువు అయ్యాక ఎంత కాలం తరువాత వాయిదాలు మొదలవుతాయో కాగితం మీద రాయించుకోండి.

ఏపీఎస్ సర్టిఫికెట్ ఉందా అని వాణ్ణి అడగండి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకి అది తప్పనిసరి, మన డిగ్రీ నిజమైనదని తేల్చే పత్రం. అది వచ్చేదాకా వీసా ముందుకి కదలదు. ట్రాన్స్‌క్రిప్టుల సంగతి కూడా చూడమనండి. జేఎన్‌టీయూ గురజాడ విడిగా ఏర్పడక ముందు చేరినవాళ్ల మెమోలు కాకినాడవి అయి ఉంటాయి, అలాంటప్పుడు కాకినాడకే వెళ్లాలి. మెమో పైన ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూసి బయల్దేరితే ఒక ప్రయాణం మిగులుతుంది. ఏజెంటు అంతా మేమే చూసుకుంటాం అంటే, యూని అసిస్ట్ (ఇక్కడి విశ్వవిద్యాలయాలకి దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) లాగిన్, పాస్‌వర్డ్ అబ్బాయి దగ్గరే ఉండాలని గట్టిగా చెప్పండి.

పలాస_జీడి · ఏప్రిల్ 27, రాత్రి 10:02

బావూ, సల్లగుండు. ఇన్నాళ్లకి ఒకడు నాకు అర్థమయినట్టు సెప్పాడు. పాస్‌వర్డు ఏజెంటు దగ్గరే ఉందట, ఇప్పుడే మార్పించాను. ఏపీఎస్‌కి కాగితాలు పంపీసాడట.

టెక్కలి_సివిల్ · ఏప్రిల్ 29, సాయంత్రం 5:44

నాది అమెరికా. రెండు అడ్మిట్లు వచ్చాయి, మూడోది ఇంకా తేలలేదు. ఏప్రిల్ 15 దాటింది కాబట్టి ఇక రాదంటున్నారు, నిజమేనా?

ఏడురోడ్ల_జంక్షన్ · ఏప్రిల్ 29, సాయంత్రం 6:30

ఏప్రిల్ 15 అనేది ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయం ఇచ్చిన ఆఫర్లకి జవాబు చెప్పే గడువు. ఒప్పుకున్న విశ్వవిద్యాలయాలు ఆ తేదీకి ముందు నిన్ను తొందరపెట్టకూడదు, అంతే. సొంత డబ్బుతో చేరే ఎంఎస్ ఫలితాలు మే లోనూ వస్తాయి. కానీ వీసా స్లాటు కావాలంటే ఐ-20, అంటే విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే పత్రం, ఉండాలి. చేతిలో ఉన్న రెండింట్లో మంచిదానికి ఐ-20 తెప్పించుకో, మూడోది వస్తే అప్పుడు చూడు.

చీపురుపల్లి_ట్రిపుల్ఈ · మే, మొదటి రౌండు వచ్చిన రాత్రి

ఆఫర్ వచ్చింది! ఒక ఐఐటీలో పవర్ సిస్టమ్స్. నాన్న డ్యూటీ దిగి రాగానే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని తెర మీద నా పేరు, కోర్సు పేరు, కేటగిరీ వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నారు. వెంటనే ఫ్రీజ్ చేసెయ్యమంటున్నారు. మావయ్యలు ఫోన్ చేసి, దేవుడిచ్చిన సీటు, ఆలోచించకు అంటున్నారు. మేడం, నేను రిటైన్ చేద్దామనుకుంటున్నాను. తప్పా?

బొబ్బిలి_కోడర్ · అదే రాత్రి

ముందు అభినందనలు. చేరే తేదీ ఇంకా రాలేదంటే ఉద్యోగం మాట పక్కన పెట్టు, నేనన్న మాట ఇప్పుడు వర్తించదు. ఇది తీసుకో.

గంటస్తంభం_పంతులమ్మ · మర్నాడు ఉదయం

తప్పు కాదు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని కోప్ నియమాల పేజీ తెరువు. రిటైన్ చేస్తే ఈ సీటు నీ దగ్గరే ఉంటుందన్న వాక్యం ఆయన కళ్లతో ఆయన చదవాలి. మావయ్యలు చెప్పేది ప్రేమతోనే, కానీ వాళ్లు ఆ పేజీ చూడలేదు. పైన ఉన్నవాళ్లు ఫ్రీజ్ చేసుకుని వెళ్లేకొద్దీ, కొందరు పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ లాంటి చోట్ల ఉద్యోగాలకి పోయేకొద్దీ సీట్లు కిందికి జరుగుతాయి. మొదటి రౌండుకే నీ దాకా వచ్చిందంటే ఇంకా జరగడానికి చోటుంది. అయితే ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ శాఖ థీసిస్‌ల జాబితా చూశావా? నీకు కావలసిన పని అక్కడ జరుగుతోందా?

చీపురుపల్లి_ట్రిపుల్ఈ · మే, ఆ సాయంత్రం

చూశాను మేడం. ఇద్దరు ప్రొఫెసర్లు మైక్రోగ్రిడ్ కన్వర్టర్ల మీద చేస్తున్నారు. కాబట్టి ఇదే మిగిలినా నాకు బాధ లేదు. నాన్న పేజీ చదివారు, రిటైన్ బటన్ ఆయనే నొక్కారు.

నాగావళి_ఒడ్డు · మే, రాత్రి

చెల్లెమ్మా, సీసీఎంటీలో కూడా రిజిస్టర్ అయి ఉంచు. అది ఎన్ఐటీలకి, కోప్‌తో సంబంధం లేదు. వరంగల్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ ఉంది, మంచి శాఖ. ఆఖరి సెమిస్టరు మార్కులు రాకపోయినా తాత్కాలిక ప్రవేశం ఇస్తారు. పరీక్షలన్నీ చేరేలోపు అయిపోవాలి, మెమోలు వాళ్లు చెప్పిన తేదీకి ఇవ్వాలి. కాలేజీలో కోర్సు కంప్లీషన్ సర్టిఫికెట్ ఇప్పుడే అడుగు.

చీపురుపల్లి_ట్రిపుల్ఈ · జూన్

రెండో రౌండులో ఏమీ మారలేదు. ఇవాళ మూడో రౌండులో ఇంకో ఐఐటీ నుంచి పవర్ ఎలక్ట్రానిక్స్ వచ్చింది. ఫ్రీజ్ చేశాను. ఫీజు కట్టడానికి నాన్న సొసైటీలో అప్పు పెట్టారు, స్టైపెండ్ మొదలయ్యాక నేనే తీరుస్తానన్నాను. ఎలాగూ చేరను కాబట్టి కంపెనీకి ఆ సంగతి మెయిల్ పెట్టేశాను, ఇంకొకరికి ఆ చోటు దొరుకుతుంది. ఇక్కడ రాసిన ప్రతి ఒక్కరికీ నమస్కారం.

పలాస_జీడి · జూన్

మంచిది తల్లీ. మావోడికి ఏపీఎస్ వచ్చీసింది.

రాజాం_మెకానికల్ · జూన్

అక్కా, చాలా సంతోషం. నా సీసీఎంటీ ఛాయిస్‌లు రేపటితో లాక్ చెయ్యాలి. కొత్త ఓబీసీ పత్రం వచ్చింది, తేదీ సరిగ్గా ఉంది. నా వరుస ఇది: ముందు ఏపీ ఎన్ఐటీ తాడేపల్లిగూడెం, అది వచ్చే అవకాశం ఎక్కువని. తరువాత రూర్కెలా, తరువాత వరంగల్, కాలికట్. నిజానికి నాకు వరంగల్‌లో థర్మల్ కావాలి, కానీ రాదేమోనని కిందకి పెట్టాను.

గంటస్తంభం_పంతులమ్మ · జూన్

బాబూ, వరుస తిరగరాయి. నువ్వు పెట్టిన జాబితాని కంప్యూటరు పైనుంచి కిందకి చూస్తుంది, నీ స్కోరుకి అందిన మొదటిది ఇస్తుంది, కింద ఉన్నవి ఇక చూడదు. తాడేపల్లిగూడెం పైన పెడితే, వరంగల్ అందే స్కోరున్నా నీకు తాడేపల్లిగూడెమే వస్తుంది. వరంగల్ థర్మల్ ఒకటో నంబరులో పెట్టు. రాకపోతే తరువాతిది చూస్తుంది, పైన పెట్టినందుకు నీకు పోయేదేం లేదు. మొదటి రౌండులో ఏది వచ్చినా ఫ్లోట్ పెట్టు, పైది దొరికితే దానంతట అదే మారుతుంది, పాతది పోతుంది. స్లైడ్ అయితే అదే కాలేజీలో కోర్సు మాత్రమే మారుతుంది, నీకది కాదు కావలసింది. లాక్ చేసే ముందు కొత్త వరుస ఇక్కడ పెట్టు, నేను మేలుకునే ఉంటాను.

రాజాం_మెకానికల్ · జూన్, రాత్రి 11:15

వరంగల్ థర్మల్, కాలికట్ థర్మల్, వరంగల్ మాన్యుఫాక్చరింగ్, రూర్కెలా, తాడేపల్లిగూడెం. సరేనా మేడం?

గంటస్తంభం_పంతులమ్మ · జూన్, రాత్రి 11:19

సరే. లాక్ చేసి, ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకో.